న్యాయాచార్యుడు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్

మహాసభ వార్షిక సంచికకై ఒక మహనీయుని జీవితమును వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు ఆదేశించినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయుదునా యని కొన్నినాళ్ళు తలపోసితిని. రాజుల చరితములు, కవుల చరితములు, దాతల చరితములు ఇట్టి సంచికలయందు పలుమారు వెలువడినవి. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగ నుండి సుద్దముక్కల పొడితో జుట్టు నెరపుకొన్నవాడను. కావున నా మనస్సు సహజముగనే ఒక ఉపాధ్యాయునిమీదికి పోయినది. ఆయన అమెరికా దేశీయుడు, నల్లజాతివాడు. వృత్తిచే న్యాయవాది, స్వభావముచే గురువు. ఆయన శిష్యుడగు థర్‌గుడ్ మార్షల్ పేరు వినినవారు మనలో పలువురు గలరు. గురువు పేరు మాత్రము అమెరికా న్యాయచరిత్రమును చదివినవారికి సుపరిచితమయ్యు మనవైపు అంతగా చేరలేదు. నేను న్యాయశాస్త్రము చదివినవాడను గాను. సంస్కృతమున తర్కము కొంత చదివితిని. ఆ చదివిన కొంచెమును ఈ మహాశయుని పనిని గ్రహించుటకు నాకు మిక్కిలి తోడ్పడినదని మాత్రము విన్నవించుకొనుచున్నాను.

హ్యూస్టన్ చరిత్రము బోధపడవలెనన్న నాటి అమెరికా శాసనముల స్థితి కొంత తెలియవలెను. అంతర్యుద్ధము ముగిసిన 1865లో ఆ దేశమున బానిసత్వము రద్దయ్యెను. 1868లో రాజ్యాంగమునకు చేర్చిన పదునాల్గవ సవరణచే, చట్టమువలన కలుగు రక్షణ ఎల్లరకును సమానముగ నుండవలెనని రాష్ట్రములన్నియు కట్టుబడినవి. 1870లో జాతినిబట్టి ఓటుహక్కును త్రోసివేయరాదని మరియొక సవరణ వచ్చెను. అక్షరములు చక్కగనే యుండెను. వాటిని చదువువారి బుద్ధి చక్కగ నుండదయ్యెను. 1890లో లూయిసియానా రాష్ట్రమువారు రైలుబండ్లలో తెల్లవారికి వేరు పెట్టె, నల్లవారికి వేరు పెట్టె యుండవలెనని చట్టము చేసిరి. హోమర్ ప్లెస్సీ యను న్యూ ఆర్లియన్సు వాస్తవ్యుడు 1892లో ఆ చట్టమును పరీక్షించుటకే తెల్లవారి పెట్టెలో కూర్చుండి అరెస్టయ్యెను. ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టువరకు పోయినది. 1896లో ఆ ధర్మాసనమువారు, వసతులు సమానముగ నున్నయెడల వేరుచేయుట మాత్రము దోషము గాదని తీర్పు చెప్పిరి. హార్లన్ అను న్యాయమూర్తి యొక్కడే దానికి ఒప్పుకొనక భిన్నాభిప్రాయము వ్రాసెను.

ఆ తీర్పు ఒక రైలుపెట్టెతో ఆగలేదు. దక్షిణరాష్ట్రములయందు బడి, వైద్యశాల, భోజనశాల, త్రాగునీటి కుళాయి, తుదకు శ్మశానముగూడ రెండు విధములాయెను. వేరుచేయుట యెల్లెడల అమలు జరిగెను. సమానముగ నుంచుటను గూర్చి మాత్రము అడుగువాడు లేడయ్యెను. తీర్పులో షరతుగా నుంచిన సగము మాటను రాష్ట్రములు మ్రింగివేసి, తమకు పనికివచ్చు సగమును మాత్రము పట్టుకొనినవి.

ఈ తీర్పునకు ఎనిమిదినెలలు ముందుగా, 1895 సెప్టెంబరు 3వ తేదీని వాషింగ్టన్ నగరమున హ్యూస్టన్ జన్మించెను. పితామహుడు బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చినవాడు. తండ్రి విలియము హ్యూస్టన్ పగలు ప్రభుత్వపు కచ్చేరిలో గుమాస్తాపని చేయుచు, సాయంకాలపు తరగతులయందు హోవర్డు విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము చదివి వకీలైనవాడు. తల్లి మేరీ హామిల్టన్ తొలుత ఉపాధ్యాయిని. పిదప ధనికస్త్రీలకు కేశాలంకారముచేసి సంపాదించుచుండెను. ఆ దంపతులకు ఈయన యొక్కడే కుమారుడు. తండ్రి రాత్రిచదువు చదివినవాడన్న సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానితో ముందు పనియున్నది.

బాలుడు నల్లవారికై ప్రత్యేకించిన ఉన్నతపాఠశాలలో చదువు ముగించి, మసాచుసెట్సు రాష్ట్రమందలి ఆమ్హర్‌స్టు కళాశాలలో చేరెను. తన తరగతిలో నల్లవాడు ఆయన యొక్కడే. 1915లో ఉత్తమశ్రేణిని ఉత్తీర్ణుడై, హోవర్డు విశ్వవిద్యాలయమున రెండేండ్లు ఆంగ్లభాష బోధించెను. అంతలో అమెరికా ప్రథమ మహాయుద్ధమున ప్రవేశించినది. సాధారణ భటుడుగ పట్టుబడుటకన్న అధికారిగ పోవుట మేలని యెంచి, అయోవా రాష్ట్రమున నల్లజాతి అధికారులకై తెరచిన శిక్షణశిబిరమున చేరి లెఫ్టినెంటు పదవి నందెను.

ఆ సైన్యవాసమే ఆయన జీవితమును మలచినది. శత్రువులతో పోరాడవచ్చిన ఈ అధికారికి తన పక్షమువారే మొదటి శత్రువులైరి. తెల్ల భటులు నల్ల అధికారికి వందనము చేయరు. భోజనము, నిద్ర, విహారము అన్నియు వేరు. అమెరికాలో నుండగనే సైనికవిచారణలయందు పనిచేయు అవకాశము కలిగి, స్వల్పాపరాధములకు నల్లభటులకు విధించు ఘోరశిక్షలను కన్నులార చూచెను. 1918లో ఫ్రాన్సుదేశమున వాన్ పట్టణమున ఒకరాత్రి తెల్ల అమెరికను సైనికుల గుంపొకటి ఆయనను, ఆయన సహచరులను చుట్టుముట్టి చంపజూచినది. సైనికరక్షకభటులు వచ్చుటచే ప్రాణములు దక్కినవి. తాను బ్రతికి బయటపడినచో న్యాయశాస్త్రము నేర్చి, ఎదురు కొట్టలేనివారి పక్షమున నిలుతునని ఆ దినములలో సంకల్పించుకొన్నట్లు ఆయనయే పిదప వ్రాసికొనియున్నాడు. 1919లో తిరిగివచ్చి చూడగా ఆ వేసవియందే స్వనగరమగు వాషింగ్టనులో తెల్లవారి మూకలు నల్లవారిపై బడి కొట్టి చంపిన అల్లరులు జరిగెను. యుద్ధము ఏ దేశమున ముగిసినదో ఏ దేశమున మొదలైనదో తెలియని స్థితి!

ఆ యేటనే హార్వర్డు న్యాయకళాశాలలో చేరెను. అచటి న్యాయపత్రిక సంపాదకవర్గమున నల్లజాతివారిలో మొట్టమొదట స్థానము సంపాదించినవాడు ఈయనయే. 1922లో పట్టమును, 1923లో న్యాయశాస్త్ర పరిశోధనకు డాక్టరు బిరుదమును పొంది, ఒక విద్యార్థివేతనముపై స్పెయినుదేశపు మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున ఒక సంవత్సరము పౌరన్యాయము చదివెను. ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఈయన గురువులలో నొకడు. 1924లో తిరిగివచ్చి తండ్రితో కలిసి వకీలుపని ప్రారంభించి, హోవర్డు న్యాయకళాశాలయందు పాఠములుకూడ చెప్పసాగెను.

ఇక ఆయన ముఖ్యకార్యమునకు వత్తము. 1929లో హ్యూస్టన్ ఆ కళాశాలకు వైస్‌డీను ఆయెను. అది ఎట్టి కళాశాల? పగలు కూలినాలి చేసికొనువారు, గుమాస్తాలు సాయంకాలము వచ్చి చదువుకొను చోటు. దేశమందలి నల్లజాతి వకీళ్ళలో పెక్కురు అందుండి వచ్చినవారే. కాని ఆ పట్టమును ఉన్నతసంస్థలు పూర్ణముగ గుర్తింపవు. హ్యూస్టన్ ఆ సాయంకాలపు తరగతులను మూయించెను. ప్రవేశనియమములను కఠినము గావించెను. గ్రంథాలయమును పెంచెను. కొందరు అధ్యాపకులు పోవలసివచ్చెను. 1931లో అమెరికను న్యాయవాదిసంఘమువారి గుర్తింపు లభించినది.

ఈ మార్పును అందరును మెచ్చుకొనలేదు. మెచ్చుకొనవలెననియు నేను చెప్పజాలను. రాత్రిచదువు లేనిచో పేదవాడు వకీలగుట యెట్లు? తన తండ్రి ఏ మెట్లెక్కి పైకి వచ్చెనో ఆ మెట్లను కుమారుడు తీసివేసినాడని పూర్వవిద్యార్థులు నిష్ఠూరమాడిరి. అది త్రోసివేయదగిన మాట కాదు. హ్యూస్టన్ ఆలోచన వేరు. పదిమంది సామాన్యులైన వకీళ్ళకన్న, సుప్రీముకోర్టులో ఎట్టి న్యాయమూర్తికినైనను దొసగు పట్టరాని యొక్క వాదపత్రమును వ్రాయగల వాడొక్కడు తన జాతికి ముందుగా కావలెనని ఆయన నిశ్చయము. తెల్ల వకీలు పొరబడినచో పొరబాటందురు. నల్ల వకీలు పొరబడినచో జాతిలక్షణమందురు. కావున పొరబడుటకు తన శిష్యులకు హక్కు లేదని ఆయన యెంచెను. ఎవరికి న్యాయము జరిగినది, ఎవరికి అన్యాయము జరిగినదను లెక్క ఇట్టిచోట్ల సులభముగ తేలదు.

తరగతిలో ఆయన కఠినుడు. విద్యార్థులు చాటున ఆయనకు ఇనుపచెప్పులవాడని పేరుపెట్టిరట! మొదటి యేడు ముగియునప్పటికి తరగతిలో మిగులువారు కొలదిమంది. పుస్తకములతో సరిపెట్టక శిష్యులను న్యాయస్థానములకు, చెరసాలలకు, పిచ్చియాసుపత్రికి తీసికొనిపోయి, చట్టము మనుష్యులపై బడినప్పుడు ఎట్లుండునో కన్నులకు చూపుచుండెను. వకీలు సంఘమును మరమ్మతు చేయు శిల్పి కావలెను, లేనిచో సంఘమును తిని బ్రతుకు బదనికయగునని ఆయన బోధలోని సారము. 1933లో ఆ కళాశాలనుండి ప్రథముడుగ ఉత్తీర్ణుడైన శిష్యుడు థర్‌గుడ్ మార్షల్. ద్వితీయుడు ఆలివర్ హిల్. మార్షలు స్వరాష్ట్రమగు మేరీలాండులో విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల యున్నది. అందు నల్లవారికి ప్రవేశము లేదు. కావున బాల్టిమోరునుండి దినదినము రైలులో వాషింగ్టనునకు వచ్చి చదువుకొనెను. ఈ సంగతియు ముందు పనికివచ్చును.

ఆ 1933లోనే వర్జీనియారాష్ట్రమున జార్జి క్రాఫర్డు అను నల్లవాని హత్యవ్యాజ్యము వచ్చెను. ఇద్దరు తెల్లస్త్రీలను చంపినాడని నేరము. ఆ జిల్లాలో నల్లవారిని జూరీలో ఎన్నడును చేర్చుకొనరు. అట్టిచోట ప్రాణాపాయవ్యాజ్యమున ముద్దాయి పక్షమున నల్ల వకీళ్ళే వాదించుట అపూర్వము. హ్యూస్టన్ తన సహచరులతో పూనుకొనెను. వాదము నడుచుచుండగా ఒక చిక్కు వచ్చెను. నేరము జరిగిననాడు తాను దూరముగ బోస్టనులో నుంటినని ముద్దాయి చెప్పిన మాట నిలువలేదు. తెల్లవారి జూరీ నేరస్థుడనియే తేల్చినను మరణశిక్ష విధింపక యావజ్జీవకారాగారము విధించెను. అప్పుడు హ్యూస్టన్ అప్పీలు చేయలేదు. చేసినచో జూరీనుండి నల్లవారిని బహిష్కరించిన అంశము పైకోర్టుకెక్కి పెద్ద సూత్రమొకటి స్థిరపడియుండవచ్చును. కాని మరల విచారణ జరిగినచో ఉరి తప్పదేమోయని భయము. సూత్రముకొరకు ఒక మనుష్యుని ప్రాణమును పందెమొడ్డుటకు ఆయన యిచ్చగింపలేదు. క్రాఫర్డును విడిచిపెట్టినాడని స్వపక్షమువారే కొందరు పత్రికలయందు నిందించిరి. ఆ నింద చాలకాలము ఆయనను వెంటాడెను. నా మట్టుకు నేను, ఆయన గెలిచిన వ్యాజ్యములన్నింటికన్న ఈ మౌనమునే పెద్దగా నెంచుచున్నాను.

జూరీ ప్రశ్న 1935లో మరల వచ్చెను. ఓక్లహోమాలో మరణశిక్ష పడిన జెస్ హాలిన్సు అనువాని తరఫున హ్యూస్టన్ సుప్రీముకోర్టున నిలిచి, ఆ జిల్లా జూరీలనుండి చిరకాలముగ నల్లవారిని తొలగించుచున్నందున శిక్ష చెల్లదని తీర్పు సంపాదించెను. హాలిన్సునకు ఉరి తప్పినది. పునర్విచారణలో యావజ్జీవము పడినది. చెర తప్పలేదు.

అప్పటికి నల్లజాతి పురోభివృద్ధికై 1909లో వెలసిన జాతీయసంఘమువారు, విద్యయందలి అన్యాయముపై వరుసగ వ్యాజ్యములు నడుపుటకు కొంతధనము సమకూర్చుకొనియుండిరి. 1935లో హ్యూస్టన్ కళాశాలను విడిచి న్యూయార్కు చేరి ఆ సంఘమునకు ప్రధానన్యాయవాది ఆయెను. అంతకుముందే తోడివకీలు నొకనిని వెంటగొని దక్షిణ కెరొలినా పల్లెలలో తిరిగి, నల్లపిల్లల పూరిబడులను, తెల్లపిల్లల ఇటుక మేడలను కదలుబొమ్మల కెమెరాతో చిత్రించి తెచ్చెను. సాక్ష్యము కంటికి కనబడవలెనని ఆయన పట్టుదల. పిదప మార్షలుతోగూడ కారుమీద పల్లెలు తిరుగునప్పుడు, పూటకూళ్ళయిండ్లలో నల్లవారికి చోటు దొరకదు గనుక, త్రోవలోనే టైపుమిషను పెట్టుకొని వాదపత్రములు తయారుచేయుచుండిరి.

ఇక వ్యాజ్యము ఎట్లు నడుపవలెను? 1896నాటి తీర్పు కొండవలె అడ్డముగనున్నది. వేరుచేయుటయే తప్పని సూటిగ వాదించినచో ధర్మాసనము ఆ తీర్పును చూపి త్రోసివేయును. త్రోసివేసిన ప్రతిసారియు ఆ తీర్పు మరింత బలపడును. గౌతముని న్యాయదర్శనమున అభ్యుపగమసిద్ధాంతమని యొకటి యున్నది. ప్రతిపక్షి చెప్పినదానిని తాత్కాలికముగ ఒప్పుకొని, దానినుండి యేమి తేలునో విచారించుట. హ్యూస్టన్ అవలంబించినది సరిగ నదియే. సరే, వేరుగ నుంచుడు. మీరే సమానమంటిరి గదా, ఆ సమానమేదో చూపుడు. చూపలేనిచో మీ తీర్పుప్రకారమే మాకు తలుపు తెరువుడు. ఇదీ ఆయన పద్ధతి. మీమాంసకునివలె ఆయన ప్రతిపక్షియొక్క వాక్యమునే పట్టుకొని, వారు మ్రింగిన సగమును కక్కించుటకు పూనుకొనెను.

మొదట ఏ బడిపై దావా వేయవలెననునది రెండవ ప్రశ్న. చిన్నపిల్లల బడులు వేలకొలది. అచట తల్లిదండ్రుల ఉద్రేకమును హెచ్చు. సూచీకటాహన్యాయము మన పండితులెరిగినదే. కమ్మరి యొద్దకు సూదికి ఒకడు, కొప్పెరకు ఒకడు వచ్చినచో ముందు సూదిని చేసి పంపివేయును. హ్యూస్టన్ సూదిగ ఎంచుకొన్నది న్యాయకళాశాలలను. దక్షిణరాష్ట్రములలో నల్లవారికి ప్రత్యేక న్యాయకళాశాలలు దాదాపు లేనేలేవు. కావున సమానమా కాదా యన్న తగవే యుండదు. ఒక్క విద్యార్థికై వేరు కళాశాల కట్టుట రాష్ట్రములకు మోయరాని వ్యయము. మరియు తీర్పు చెప్పువారందరు న్యాయకళాశాలలో చదివినవారే. మంచి కళాశాలకును పేరునకుమాత్రమైన కళాశాలకును గల భేదము వారికి సాక్షులు చెప్పనక్కరలేదు.

మొదటి దావా మేరీలాండులో, మార్షలునకు ప్రవేశము లేని ఆ కళాశాలపైననే పడినది. డొనాల్డు మరే యను పట్టభద్రుని తరఫున గురుశిష్యులు కలిసి వాదించిరి. 1935 జూనులో బాల్టిమోరు న్యాయమూర్తి ఆ విద్యార్థిని చేర్చుకొనుమని ఆజ్ఞాపించెను. 1936 జనవరిలో రాష్ట్రపు పైకోర్టు దానిని స్థిరపరచెను. మరే 1938లో పట్టము పుచ్చుకొని బయటికి వచ్చెను. తెల్ల విద్యార్థులు అతనిప్రక్కన కూర్చున్నందున ఆకాశము విరిగిపడలేదు.

రెండవది మిస్సూరీరాష్ట్రపు దావా. లాయిడ్ గెయిన్సు అను విద్యార్థికి ఆ రాష్ట్రపువారు, మా కళాశాలలో చోటులేదు గాని పొరుగురాష్ట్రములో చదువుకొనుము, జీతము మేమిచ్చెదమనిరి. 1938 నవంబరులో హ్యూస్టన్ సుప్రీముకోర్టున వాదింప లేచినప్పుడు, మెక్‌రేనాల్డ్సు అను న్యాయమూర్తి తన కుర్చీని త్రిప్పి ఆయనకు వీపు చూపి కూర్చుండెనట. హ్యూస్టన్ స్వరము మార్చక వాదము ముగించెను. డిసెంబరు 12వ తేదీని ప్రధానన్యాయమూర్తి హ్యూసు తీర్పు చెప్పెను. సమానరక్షణ కల్పించుట ఏ రాష్ట్రమునకారాష్ట్రపు విధి. దానిని పొరుగువారిమీదికి నెట్టరాదు. తెల్లవారికి రాష్ట్రములో చదువు చెప్పుచున్నప్పుడు నల్లవానికిని రాష్ట్రములోనే చెప్పవలెను. ఇది తీర్పుయొక్క తాత్పర్యము. ఆరుగురు అనుకూలురు, ఇరువురు ప్రతికూలురు. వీపు చూపినవాడు ఆ యిరువురిలో నొకడు.

కాని గెయిన్సు ఆ కళాశాల గడప త్రొక్కలేదు. మిస్సూరీవారు హడావుడిగ నల్లవారికొక న్యాయకళాశాలను నెలకొల్పిరి. అది సమానమగునో కాదో యని వ్యాజ్యము మరల నడుచుచుండగా, 1939 మార్చిలో గెయిన్సు చికాగోనగరమున తానున్న చోటునుండి బయటికిపోయి మరి కానరాలేదు. ఇరువదియెనిమిదేండ్లవాడు. ఏమైనాడో నేటికిని తేలలేదు. 2006లో ఆ విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ న్యాయపట్టమును ప్రదానము చేసెను. పుచ్చుకొనుటకు ఆయన లేడు.

ఉపాధ్యాయుల జీతముల సంగతి చెప్పక విడుచుటకు నాకు మనసొప్పదు. ఒకే చదువు చదివి ఒకే పాఠము చెప్పు నల్ల పంతులునకు తెల్ల పంతులు జీతములో సగమునకు దగ్గరగ ఇచ్చెడి జిల్లాలు మేరీలాండులో నుండెను. 1936 మొదలుకొని హ్యూస్టను, మార్షలు వీటిపై దావాలు వేసి ఒక్కొక్క జిల్లానే దారికి తెచ్చిరి. దావా వేసిన పంతుళ్ళు ఉద్యోగము పోవుటకు సిద్ధపడియే ముందుకు వచ్చిరి. కొందరికి పోయెను కూడ. జీతముకొరకు కచ్చేరి గుమ్మముకడ నిలువబడిన అనుభవము గల ఏ పంతులైనను వారి ధైర్యమును తక్కువగ నెంచడు.

1938లో ఆరోగ్యము తగ్గి హ్యూస్టన్ వాషింగ్టనునకు తిరిగివచ్చెను. సంఘపు భారము మార్షలుపై బడినది. శిష్యుడు పైకెక్కుచుండగా గురువు వెనుకకు తగ్గి సలహా చెప్పుచుండెను. ఈర్ష్యపడినట్లు ఎవరును వ్రాయలేదు.

అయినను ఆయన విశ్రమింపలేదు. రైళ్ళయందు ఎంజినులో బొగ్గువేయు ఫైర్‌మన్ ఉద్యోగము బహుకష్టమైనది. మసి, వేడి గలది గావున దక్షిణమున దానిని చిరకాలము నల్లవారికే విడిచిరి. యంత్రములు మెరుగుపడి పని సుకరము కాగానే తెల్లవారికి దానిపై కన్ను పడినది. చట్టముప్రకారము ఫైర్‌మన్లందరి పక్షమున కంపెనీతో మాటలాడు అధికారము గల కార్మికసంఘము నల్లవారిని సభ్యులుగనే చేర్చుకొనదు. చేర్చుకొనకయే వారి ఉద్యోగములు పోవునట్లు ఒడంబడిక చేసికొనెను. బెస్టర్ స్టీలు అను ఫైర్‌మన్ తరఫున హ్యూస్టన్ వాదింపగా, అందరి పేరిట మాటలాడు అధికారము పొందిన సంఘము అందరి మేలును పక్షపాతములేక చూడవలెనని 1944లో సుప్రీముకోర్టు తేల్చెను. ఈ సూత్రము నల్లవారికే కాక ఆ దేశపు కార్మికులందరికిని నేటివరకు అండగ నున్నది. ఆ 1944లోనే ఉద్యోగములయందు జాతిభేదమును విచారించుటకు ఏర్పడిన ప్రభుత్వసమితిలో సభ్యుడాయెను. వాషింగ్టనులోని ట్రాముకంపెనీ నల్లవారిని డ్రైవర్లుగ తీసికొననప్పుడు, అధ్యక్షుడు ట్రూమన్ ఆ సమితి చేతులు కట్టివేయగా, 1945 డిసెంబరులో రాజీనామా ఇచ్చి వెడలిపోయెను. 1948లో, నల్లవారికి ఇండ్లు అమ్మరాదను పొరుగువారి ఒడంబడికలను న్యాయస్థానములు అమలుపరుపరాదని వచ్చిన తీర్పులలో వాషింగ్టన్ నగరపు వ్యాజ్యము నడిపినవాడు ఈయనయే.

ఆయన కడపటి పని స్వనగరపు బడులను గూర్చినది. అచట తెల్లపిల్లల బడులలో చోట్లు ఖాళీగ నుండగా, నల్లపిల్లలు క్రిక్కిరిసిన గదులలో వంతులవారీగ చదువుచుండిరి. తల్లిదండ్రులు సంఘముగ నేర్పడి సమ్మెచేసిరి. వారికి నాయకుడు గార్డ్‌నర్ బిషప్ అను మంగలి. హార్వర్డు పట్టభద్రుడు ఆ మంగలి కొట్టువాని పిలుపుపై వచ్చి, ఫీజు మాట తలపెట్టక సమానవసతులకై దావాలు వేసెను. అంతలో 1949లో గుండెజబ్బు గట్టిగ పట్టుకొన్నది. రోగశయ్యపైనుండి, ఈ పనిని జేమ్సు నాబ్రిట్‌కు అప్పగింపుడని బిషప్‌తో చెప్పి పంపెను. 1950 ఏప్రిలు 22వ తేదీని, యేబదినాలుగేండ్ల వయస్సున, హ్యూస్టన్ కాలధర్మము నందెను.

ఆయన మరణించిన ఆరువారములకు, 1950 జూను 5న, టెక్సాసు, ఓక్లహోమా విశ్వవిద్యాలయముల వ్యాజ్యములలో సుప్రీముకోర్టు, వేరుగ కట్టిన కళాశాల గాని, ఒకే కళాశాలలో వేరుగ వేసిన బల్ల గాని సమానము కాజాలదని తీర్పు చెప్పెను. హ్యూస్టన్ పదునైదేండ్ల క్రిందట చేతబట్టిన సూది అంతటితో పూర్తియైనది. కొప్పెర మిగిలెను. నాబ్రిట్ వాషింగ్టన్ దావాను చేపట్టి, సమానమైన గదులు కావలెనని అడుగుట మానివేసెను. పిల్లలను వేరుచేయుటయే అన్యాయమని సూటిగ వాదింప నిశ్చయించెను. అభ్యుపగమము చేసిన పని ముగిసినది. ఇక సిద్ధాంతమును చెప్పు వేళ వచ్చినది. మార్షలు ఇతరరాష్ట్రముల వ్యాజ్యములయందు అట్లే వాదించెను.

1954 మే 17వ తేదీని సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగ, ప్రభుత్వపు బడులలో పిల్లలను జాతినిబట్టి వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. వాషింగ్టన్ దావాయు ఆ దినముననే గెలిచినది. ఆ వ్యాజ్యములలో పనిచేసిన వకీళ్ళలో పెక్కురు హ్యూస్టనునకు శిష్యులో, సహచరులో యైనవారు. మార్షలు 1967లో ఆ ధర్మాసనముననే మొదటి నల్లజాతి న్యాయమూర్తియై 1991వరకు నుండెను. ఈ దారి వేసినవాడు తన గురువే యని జీవితాంతము చెప్పుచుండెను. హోవర్డు న్యాయకళాశాలలోని ప్రధానభవనమునకు 1958లో హ్యూస్టన్ పేరు పెట్టిరి.

ఆయనకు లేకలేక నలుబదియెనిమిదవ యేట కలిగిన కుమారుడొక్కడు. తండ్రి పేరే ఆ బాలునికి పెట్టిరి. 1954లో ఆ తీర్పు వెలువడిననాటికి అతనికి పదియేండ్లు.